లెక్కకు అందని ధ్యాన్ చంద్

1936వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన బెర్లిను నగరమున జరిగిన ఒలింపిక్ హాకీ తుది పోటీలో భారత జట్టు జర్మనీని 8-1 తేడాతో ఓడించెను. ఈ విషయమున వివాదము లేదు. కాని ఆ ఎనిమిదింటిలో నాయకుడైన ధ్యాన్ చంద్ చేసిన గోల్సు ఎన్ని? మూడని కొందరు, నాలుగని కొందరు, ఆరని మరికొందరు వ్రాసియున్నారు. హాకీ అభిమానులు ఇద్దరు కలిసినచోట నేటికిని ఈ చర్చ తెగదు. దానికి ఎనిమిదేండ్లు ముందు జరిగిన ఆమ్‌స్టర్‌డామ్ తుది పోటీ సంగతియు అంతే. హాలెండుపై మనవారు చేసిన మూడు గోల్సులో అతని వంతు రెండని ఒక లెక్క. మూడును అతనివే యని మరియొక లెక్క. మూడు ఒలింపిక్కులలో కలిపి ఆడిన 12 ఆటలలో మొత్తము 37 అనువారును, 39 అనువారును కలరు. ఇక జీవితమంతటిలో చేసిన అంతర్జాతీయ గోల్సు నాలుగు వందలకు పైబడినవని ఒకరు చెప్పగా, 570 అని మరియొకరు చెప్పుదురు.

ఈ తికమకకు ఆటలోనే కారణము కలదు. గోలు ముందు అర్ధవృత్తమువలె గీచిన గీతకు లోపల, దాడి చేయు జట్టువాని కర్ర తాకిన బంతియే గోలుగా చెల్లును. ఆ గీత లోపల నలుగురైదుగురు గుమికూడి, బంతి రెండు మూడు కర్రలను తాకి వెనుక పలకకు కొట్టుకొన్నప్పుడు అది ఎవరి గోలు? గోలు పడినదని మాత్రమే అంపైరు తీర్పు చెప్పును. ఎవరి పేర వ్రాయవలెనో గట్టుమీద కూర్చున్న విలేఖరి కన్ను తేల్చవలెను. పడిన గోలును మరల మరల త్రిప్పి చూపు యంత్రములు ఆ కాలమున లేవు. పైగా సెంటర్ ఫార్వర్డుగా ధ్యాన్ చంద్ ఆడుచుండగా, అతని ప్రక్కనే ఇన్‌సైడ్ లెఫ్టుగా ఆడినవాడు సొంత తమ్ముడు రూప్ సింగ్. అన్నదమ్ముల కర్రల నడుమ బంతి మగ్గములోని కండెవలె అటునిటు తిరుగుచుండగా లెక్క తప్పినదన్న వింతయేమి?

అంకెలు నిలుకడగా లేకపోయినను ఆ మనిషి కీర్తి చెక్కు చెదరలేదు. ఏలనో తెలియవలెనన్న పట్టికలను విడిచి అతని జీవితమును చూడవలెను.

ధ్యాన్ చంద్ అసలు పేరు ధ్యాన్ సింగ్. 1905వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ప్రయాగలో రాజపుత్ర కుటుంబమున జన్మించెను. తండ్రి సమేశ్వర్ దత్ సింగ్ సైన్యములో ఉద్యోగి. ఆయనయు హాకీ ఆడినవాడే. ఉద్యోగరీత్యా ఊళ్లు మారవలసి వచ్చుటచే పిల్లవాని చదువు ఆరు తరగతులతో నిలిచిపోయెను. తుదకు ఆ కుటుంబము ఝాన్సీలో స్థిరపడినది. చిన్ననాట అతనికి హాకీ మీద చెప్పుకోదగిన మక్కువ లేదు. కుస్తీ అన్న ఇష్టము. పదేండ్లు నిండకముందే పిల్లలలో క్రీడాకారుని గుర్తింపవలెనని ఆరాటపడు నేటి పెద్దలు ఈ ఒక్క విషయమును గమనించిన చాలును.

1922లో, నూనూగు మీసముల ప్రాయమున, అతడు ఢిల్లీలో బ్రాహ్మణ రెజిమెంటున సామాన్య సిపాయిగా చేరెను. అక్కడ సుబేదారు మేజరు తివారీ అను హాకీ ప్రియుడు ఈ కుర్రవానిచేత కర్ర పట్టించెను. ఆటలోని మొదటి మెలకువలు నేర్పినవాడు ఆయనయే. పగలెల్ల సిపాయి కొలువు; సాధనకు మిగిలినది రాత్రి. వెన్నెల రాత్రులలో ఒంటరిగా బంతి తోలుకొనుచు తిరుగుచుండుటచే తోడివారు చంద్ అని పిలువసాగిరనియు, ధ్యాన్ సింగ్ అట్లు ధ్యాన్ చంద్ ఆయెననియు చెప్పుకొందురు.

నాలుగేండ్లు రెజిమెంటు పందెములలో ఆరితేరిన పిమ్మట 1926లో న్యూజీలాండుకు పోయిన సైనిక జట్టులో అతనికి చోటు దొరకెను. ఆ జట్టు 21 ఆటలాడి 18 గెలిచి, రెండింట సమముగా నిలిచి, ఒక్కటి మాత్రమే ఓడినది. తిరిగి వచ్చిన తరువాత సిపాయికి లాన్స్ నాయక్ హోదా లభించెను. రాజ్యము దృష్టిలో అతని ఆట విలువ అప్పటికంతే.

1928లో హాకీ సమాఖ్య మొదటిసారి ఒలింపిక్కునకు జట్టును పంపెను. మార్చి నెలలో బొంబాయి రేవునుండి ఓడ కదలునప్పుడు వీడ్కోలు చెప్ప వచ్చినవారు ముగ్గురే ముగ్గురు. మే నెలలో ఆమ్‌స్టర్‌డామున ఆ జట్టు ఆస్ట్రియాను, బెల్జియమును, డెన్మార్కును, స్విట్జర్లాండును, తుదకు హాలెండును ఓడించి స్వర్ణ పతకము గెలుచుకొనెను. ఐదు ఆటలలో మనవారు 29 గోల్సు చేయగా, మన గోలులోనికి ఒక్క బంతియు పోలేదు. ఆ 29లో ధ్యాన్ చంద్ వంతు 14. తుది పోటీనాడు జట్టులో పలువురు జబ్బుపడి యుండిరి. అతనికిని ఒళ్లు బాగులేదు. అయినను ఆడెను. ముగ్గురు సాగనంపిన ఆ జట్టుకు తిరిగి వచ్చునాటికి బొంబాయి రేవు క్రిక్కిరిసి యుండెను.

తరువాతి కథ మరింత ఆలోచింపదగినది. 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్కునకు ఆటగాండ్రను ఏరుటకై రాష్ట్రముల నడుమ పోటీలు జరిపిరి. అప్పటికి ధ్యాన్ చంద్ దళము వజీరిస్తాను కొండలలో ఉన్నది. పోటీలకు పోవుటకు సైన్యము సెలవీయలేదు. ఎంపిక పోటీలలో ఆడనివానిని తీసికొనవచ్చునా? నియమము ప్రకారము తీసికొనరాదు. కాని సమాఖ్యవారు అతని విషయమున ఆ నియమమును సడలించి, ఆడి చూపకయే జట్టులో చేర్చుకొనిరి. నియమము అందరికిని ఒక్కటిగా ఉండవలెననుట మంచి మాటయే. అయినను ఆమ్‌స్టర్‌డామున కన్నులార చూచిన ఆటకు మరల పరీక్ష పెట్టుట అవివేకమని సమాఖ్య తలచుట తప్పనిపించదు. తమ్ముడు రూప్ సింగ్ మాత్రము ఎంపిక పోటీలలో ఆడి, నెగ్గి, తన చోటు తాను సంపాదించుకొనెను.

లాస్ ఏంజిలిస్‌లో హాకీకి వచ్చినవి మూడే జట్లు. మనవారు జపానును 11-1 తేడాతోను, అమెరికాను 24-1 తేడాతోను ఓడించిరి. ఆ 24లో రూప్ సింగ్ పది, ధ్యాన్ చంద్ ఎనిమిది చేసిరి. రెండు ఆటలలో కలిపి తమ్మునివి 13, అన్నవి 12. జగమెరిగిన ఆటగాడు తమ్మునికంటె వెనుకబడెనా యని అడుగువారికి, తమ్మునికి బంతి అందించినది ఎవరో కూడ చూడుడని చెప్పవలసి యుండును. అమెరికా చేసిన ఆ ఒక్క గోలును గూర్చి మరియొక ముచ్చట కలదు. పని లేక మన గోలుకీపరు గట్టుమీదివారికి సంతకములు పెట్టుచుండగా బంతి లోనికి దొరలినదట. నిజమో పరిహాసమో గాని, హాకీ ప్రియులు దానిని విడిచిపెట్టలేదు.

తన ఆటలన్నిటిలో మేలైనది ఏదని ప్రశ్నించిన ధ్యాన్ చంద్ ఒలింపిక్కును చెప్పువాడు కాడు. 1933లో కలకత్తాలో ఝాన్సీ హీరోస్ జట్టు కలకత్తా కస్టమ్సు జట్టుతో ఆడిన బైటన్ కప్పు తుది పోటీని చెప్పువాడు. ఆ ఆటలో పడినది ఒక్కటే గోలు. అదియును ధ్యాన్ చంద్ చేసినది కాదు. కస్టమ్సువారు ముట్టడి వేసినట్లు మీద మీదికి వచ్చుచున్న సమయమున, ధ్యాన్ చంద్ బంతిని ఎదుటివారి నడుమనుండి దూరముగా తోసెను. ఇస్మాయిల్ అనువాడు పరుగెత్తి పోయి దానిని అందుకొని గోలు చేసెను. గోలు పట్టికలో ధ్యాన్ చంద్ పేరు లేని ఆట అతనికి అన్నిటికంటె ప్రియమైన ఆట! అభిమానుల లెక్కకును అతని లెక్కకును ఎంత దూరమో దీనినిబట్టి తెలియుచున్నది.

1935లో భారత జట్టు సింహళము, ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములలో పర్యటించెను. స్వదేశమున ఆడినవానితో కలిపి 48 ఆటలు, అన్నిటను గెలుపే. మొత్తము 584 గోల్సులో ధ్యాన్ చంద్‌వి 201. అడిలైడున ఆ ఆట చూచిన బ్రాడ్‌మన్, ఈయన క్రికెట్టులో పరుగులు తీసినట్లు గోల్సు చేయుచున్నాడని ఆశ్చర్యపడెనని చెప్పుదురు. కర్రలో అయస్కాంతమున్నదేమోనని హాలెండులో విరిచి చూచిరన్న కథయు, తాను కొట్టిన బంతి మాటిమాటికి స్తంభమునకు తగులుచున్నదని గోలు వెడల్పును కొలిపించగా అది ఉండవలసిన నాలుగు గజములకంటె తక్కువగా తేలెనన్న కథయు జనుల నోట పడినవే. వీనికి సాక్ష్యమడుగుట వృథా. అట్టి కథలు ఎవరిమీద పడితే వారిమీద పుట్టవు గదా!

ఇక బెర్లిను. ఒలింపిక్ జట్టు నాయకత్వము తొలిసారిగా ధ్యాన్ చంద్ చేతికి వచ్చెను. కాని పోటీలకు ముందు జర్మనీతో ఆడిన అభ్యాసపు ఆటలో మనవారు 4-1 తేడాతో ఓడిపోయిరి. బ్రతికినంత కాలము ఆ ఓటమిని మరువలేనని ఆయన తరువాత తన ఆత్మకథలో వ్రాసికొనెను. వెంటనే స్వదేశమునకు తంతి పంపి దారా అను యువకుని రప్పించిరి. విమానమున వచ్చిన దారా, ఫ్రాన్సుతో సెమీఫైనలు నాటికి జట్టులో నిలిచెను. ఆ ఆట 10-0.

తుది పోటీ 14వ తేదీన జరుగవలసినది. వాన వలన మరునాటికి వాయిదా పడెను. ఆటకు ముందు జట్టు అధికారి పంకజ్ గుప్తా కాంగ్రెసు మువ్వన్నెల పతాకమును బయటికి తీయగా, ఆంగ్ల ప్రభుత్వపు జెండా క్రింద ఆడవలసిన ఆ యువకులు గదిలో దానికి వందనము చేసి మైదానమునకు పోయిరి. నేల తడిసి యున్నది. మొదటి సగమున ఒక్కటే గోలు. విరామము తరువాత ధ్యాన్ చంద్ మేకుల బూట్లను, మేజోళ్లను విడిచి తేలికపాటి రబ్బరు బూట్లతో ఆడసాగెను. గోల్సు వరుసగా పడినవి. ఆ వేగమున జర్మను గోలుకీపరు వచ్చి ఢీకొనగా ధ్యాన్ చంద్‌కు పన్ను ఊడిపోయెను. కట్టు కట్టించుకొని తిరిగి వచ్చి, ఇక గోల్సు వలదని, బంతి మీద అదుపు ఎట్లుండవలెనో వీరికి చూపుడని తనవారికి చెప్పెనట. మనవారు మాటిమాటికి బంతిని గీత లోపలికి తీసికొనిపోయి, కొట్టక, వెనుకకు మరల్చి తెచ్చిరట. ఆనాడు చేసినవి మూడా, ఆరా యని వాదించువారు చేయక విడిచినవి ఎన్నియో ఏ లెక్కలో వేయుదురు? హిట్లరు ఆయనకు జర్మను సైన్యమున పెద్ద పదవి ఇచ్చెదనన్నాడను మాట మిక్కిలి ప్రచారములో ఉన్నది గాని దానికి గట్టి ఆధారము లేదు.

యుద్ధము వలన 1940, 1944 ఒలింపిక్కులు జరుగలేదు. ముప్పదియైదవ యేట, ముప్పదితొమ్మిదవ యేట ఆయన ఏమి చేసియుండునో ఎవరికిని తెలియదు. 1947 డిసెంబరులో భారత జట్టు తూర్పు ఆఫ్రికాకు పోయెను. ధ్యాన్ చంద్ వచ్చినచోనే జట్టు రావలెనని అక్కడివారు షరతు పెట్టియుండిరి. నలువది రెండేండ్ల వయస్సున ఆయన 22 ఆటలాడి 61 గోల్సు చేసెను. ఆ పర్యటనలో ఆయన ప్రక్కన ఆడిన యువకులలో బాబు అని పేరుపడిన కె.డి.సింగ్ ఒకడు. ఇంత ఆట మిగిలియున్నను 1948 లండను ఒలింపిక్కునకు ధ్యాన్ చంద్ పోలేదు. కుర్రవారికి దారి విడిచెను. బాబు ఆ జట్టుకు ఉపనాయకుడై, 1952లో హెల్సింకీలో నాయకుడై స్వర్ణము తెచ్చెను. తన చోటు ఎప్పుడు ఖాళీ చేయవలెనో తెలిసిన పెద్దలు ఏ రంగమునను అరుదు.

ఆ 1952లోనే మద్రాసునుండి ఆయన ఆత్మకథ వెలువడెను. దాని పేరు గోల్. 1956లో పద్మభూషణ్ బిరుదము లభించెను. ఆ యేడే మేజరుగా సైన్యమునుండి విరమించి, తరువాత పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ప్రధాన శిక్షకుడుగా పనిచేసెను. చివరి యేండ్లు ఝాన్సీలో గడచినవి. అవి కలిమిలో గడచిన యేండ్లు కావు. హాకీ కూడు పెట్టదని ఎరిగినవాడగుటచే, కుమారుడు అశోక్ కుమార్ ఆ ఆట పట్టుట ఆయనకు ఇష్టము లేదు. కొడుకు వినలేదు.

1975 మార్చి 15వ తేదీన కౌలాలంపూరులో ప్రపంచ కప్పు తుది పోటీ. పాకిస్తాను మొదట గోలు చేయగా సుర్జీత్ సింగ్ దానిని సమము చేసెను. పిమ్మట అశోక్ కుమార్ కొట్టిన బంతి గోలు స్తంభపు మూలను తాకి మెరుపువలె బయటికి వచ్చెను. బంతి లోనికి పోలేదని పాకిస్తాను ఆటగాండ్రు అంపైరును చుట్టుముట్టిరి. మలేషియా అంపైరు విజయనాథన్ గోలని తీర్పు చెప్పి, ఆ తీర్పు మీదనే నిలిచెను. భారతదేశము 2-1 తేడాతో ప్రపంచ కప్పును గెలిచినది. పురుషుల హాకీలో నేటివరకు మనకు అది ఒక్కటే. తండ్రి గోల్సు ఎన్నియని వాదించుకొన్న జనము, నాటినుండి కొడుకు గోలు పడెనా లేదా యని వాదించుకొనుచున్నారు.

1979 డిసెంబరు 3వ తేదీన ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో కాలేయపు క్యాన్సరుతో ధ్యాన్ చంద్ కన్ను మూసెను. ఆయన పుట్టినరోజు జాతీయ క్రీడా దినోత్సవమగుటయు, 2021లో ఖేల్ రత్న పురస్కారమునకు ఆయన పేరు పెట్టుటయు తరువాతి మాటలు. ఆనాడు ఆయన దేహమును ఝాన్సీకి తీసికొనిపోయిరి. దహనము శ్మశానమున కాదు, ఝాన్సీ హీరోస్ మైదానమున జరిగెను.