ఓడిపోయి తిరిగొచ్చిన మిషనరీ

జాన్ వెస్లీ క్రమశిక్షణకు పెట్టింది పేరు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు ఉపవాసాలు, ఖైదీల పరామర్శ, గంటగంటకూ లెక్క రాసుకునే డైరీ! తప్పు చేయకుండా బతికితేనే దేవుడు అంగీకరిస్తాడనుకున్నాడు. 1735లో మిషనరీగా అమెరికాలోని జార్జియాకు ఓడెక్కాడు. దారిలో తుఫాను రేగితే చావుభయంతో వణికిపోయాడు. పక్కనే జర్మనీకి చెందిన మొరేవియన్ విశ్వాసులు పిల్లాపాపలతో సహా నిబ్బరంగా కీర్తనలు పాడుతున్నారు. జార్జియాలో పరిచర్య మరీ అధ్వానం. తాను మనసుపడిన సోఫీ హాప్కీ వేరొకరిని పెళ్లాడాక ఆమెకు ప్రభురాత్రి భోజనం నిరాకరించాడు. నియమం ప్రకారమేనని అతని వాదన. చూసేవారికి మాత్రం అది కక్షే. కేసు పడింది. 1737 డిసెంబరులో రాత్రివేళ ఊరు విడిచాడు.

1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక కూటానికి అయిష్టంగానే వెళ్లాడు. అక్కడ రోమా పత్రికకు లూథర్ రాసిన పీఠిక చదువుతుండగా, క్రీస్తు తన పాపాలను తీసివేశాడన్న నిశ్చయత కలిగింది. పరిపూర్ణతను ఆ తర్వాతా బోధించాడు. అయితే అది ప్రేమలో పరిపూర్ణతే గాని పొరపాట్లు లేకపోవడం కాదని వివరించాడు. 1751లో చేసుకున్న పెళ్లీ కలిసిరాలేదు. అయినా 1791లో, 87 ఏళ్ల వయసులో, చనిపోవడానికి వారం ముందు కూడా ప్రసంగించాడు.