రాజాశ్రయమున చలనచిత్రము: ధీరేంద్రనాథ గంగూలీగారి జీవితము

కళలన్నింటిలో చలనచిత్రకళ మిక్కిలి పరతంత్రమైనది. కవికి గంటము, తాటాకు చాలును. గాయకునకు కంఠము చాలును. చిత్రము తీయబూనిన వానికి యంత్రము కావలెను, ధనము కావలెను, నటులు కావలెను. ఇవన్నియు సమకూరిన పిమ్మట ప్రదర్శనశాల కావలెను. అదియు లభించిన పిమ్మట ఏలువారి అనుమతి కావలెను. ఈ ద్వారములలో ఏ యొక్కటి మూతపడినను అతని శ్రమయంతయు రేకుపెట్టెలోని రీళ్లుగా మిగిలిపోవును. నూరేండ్ల క్రిందట మన హైదరాబాదు నగరముననే ఒక వంగదేశీయుడు ఈ సత్యమును అనుభవించెను. ఆయనయే ధీరేంద్రనాథ గంగూలీ. సినిమా లోకము ఆయనను డి.జి. అని పిలిచినది.

గంగూలీగారు 1893 మార్చి 26వ తేదీన కలకత్తాలో జన్మించిరి. శాంతినికేతనమున విద్య నభ్యసించి, చిత్రకళను వృత్తిగా గైకొని, నైజాము ప్రభుత్వపు చిత్రకళాశాలలో ప్రధానోపాధ్యాయులుగా హైదరాబాదునకు వచ్చిరి. ఛాయాగ్రహణమునందు ఆయనకు మిక్కుటమైన ఆసక్తి యుండెను. తానే నానావేషములు ధరించి, వివిధ భావములను ముఖమున పలికించి, ఆ ఛాయాచిత్రములను గ్రంథరూపమున ప్రకటించిరి. ఆ గ్రంథమే ఆయనకు చలనచిత్రరంగ ప్రవేశపత్ర మైనది.

ఆనాడు కలకత్తాలో ఈ వ్యాపారమునకు పెద్దదిక్కు జంషెడ్జీ మదన్. చిత్రములును, ప్రదర్శనశాలలును ఆయన చేతిలో నుండెను. అట్టి మహావృక్షపు నీడలో మరియొక మొక్క పెరుగుట సులభము కాదు. అయినను గంగూలీగారు నీతీశ్ లాహిరీ ప్రభృతులతో కలిసి 1918లో ఇండో బ్రిటిష్ ఫిలిం కంపెనీని నెలకొల్పిరి. వంగీయులు స్వయముగా స్థాపించుకొన్న తొలి చిత్రనిర్మాణ సంస్థ యిదియేనని చరిత్రకారులు చెప్పుదురు. 1921లో విడుదలయైన బిలాత్ ఫేరత్ అను చిత్రమున, సీమనుండి తిరిగివచ్చిన యువకుని వింతపోకడలను ఆయన స్వయముగా నటించి ప్రజలను కడుపుబ్బ నవ్వించిరి. పురాణకథలు రాజ్యమేలుచున్న కాలమున తన కాలపు మనుష్యునే తెరపై నిలిపి పరిహసించుట సాహసమే.

అదే కాలమున మద్రాసులో మన రఘుపతి వెంకయ్యగారును అదే పోరాటమున నుండిరి. ఆయన ముందుగా 1914లో గెయిటీ ప్రదర్శనశాలను కట్టించి, ఆ పిమ్మటనే కుమారుడు ప్రకాశ్‌చేత 1921లో భీష్మప్రతిజ్ఞ తీయించిరి. ప్రదర్శనశాల లేని నిర్మాత పొలములేని సేద్యగా డని వెంకయ్యగారు ముందే గ్రహించిరి. గంగూలీగారు హైదరాబాదున గ్రహించిరి.

1922లో ఆయన హైదరాబాదునకు మరలివచ్చి లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించిరి. నిజాము ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాను ఆదరణ లభించినది. స్టూడియో వెలసినది. రెండు ప్రదర్శనశాలలు చేతికి వచ్చినవి. చింతామణి, ఇంద్రజిత్తు, మ్యారేజి టానిక్, లేడీ టీచర్ మొదలగు చిత్రములు రెండేండ్లలో వెలువడినవి. దక్కనున చలనచిత్రపరిశ్రమకు అంకురార్పణ జరిగిన దన్నమాట.

ఆ అంకురమున కెంతటి అవకాశముండెనో చూడుడు. మన కొడంగల్ నాడు నైజాము రాజ్యమున గుల్బర్గా జిల్లాలోనిది. 1956లో మహబూబునగరమునకు, 2016లో వికారాబాదు జిల్లాకు చేరినది. ఇచ్చటి సంతలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినవచ్చును. పడమటి జిల్లాలలో మరాఠీయు తోడగును. నాటి చిత్రము మూకచిత్రము. నడుమ నడుమ తెరపై వచ్చు అక్షరములను చదివి చెప్పువా డొక్కడుండిన చాలును, అన్ని భాషలవారికిని అది తమ చిత్రమే. నాలుగు భాషల రాజ్యమునకు ఇంతకన్న అనువైన కళ వేరొకటి కలదా?

1924లో ఆ అంకురము తెగినది. బొంబాయిలో తయారైన రజియా బేగం అను చిత్రమును గంగూలీగారు తమ శాలలో ప్రదర్శించిరి. అది ముస్లిం రాణికిని, హిందువునకును ప్రేమ కల్పించిన కథ. ప్రభువునకు ఆగ్రహము కలిగినది. గంగూలీగారిని రాజ్యము విడిచి పొమ్మని ఉత్తరువైనది. ఆయన కట్టించుకొన్నదంతయు విడిచి కలకత్తాకు తరలిపోయిరి.

ఆయనకు లోపించిన దేమి? నైపుణ్య ముండెను. స్టూడియో యుండెను. ప్రదర్శనశాల లుండెను. లేనిది ఒక్కటే, హక్కు. ఉన్నదంతయు అనుగ్రహము. అనుగ్రహ మిచ్చిన చేయి మరునాడు దానిని వెనుకకు తీసికొనినప్పుడు అడుగుటకు న్యాయస్థానము లేదు. ఆ చిత్రము కొందరి మనస్సు నొప్పించినదనియే అనుకొందము. నొచ్చినవారు విమర్శింపవచ్చును, చూడక మానవచ్చును. అందులకు ఒక మనిషిని దేశమునుండి వెళ్లగొట్టుట ఏ ధర్మము? ఆంగ్లేయుల పాలనలో సెన్సారు స్వేచ్ఛకు మిత్రము కాదు. మహాత్ముని పోలికలున్నవని భక్తవిదుర చిత్రమును 1921లో మద్రాసున నిషేధించిన వారు వారే. అయినను ఒక రాష్ట్రమున మూసిన చిత్రమును మరియొక రాష్ట్రమున తెరచుకొనుటకు సందుండెను. నైజామున ఆ సందును లేదు.

గంగూలీగారు కృంగిపోలేదు. 1929లో బ్రిటిష్ డొమినియన్ ఫిలిమ్స్ అను మూడవ సంస్థను స్థాపించిరి. దేవకీ బోస్, ప్రమథేశ్ బారువా వంటి ఉద్దండులు అచ్చటనే తొలి అడుగులు వేసిరి. 1931లో టాకీ వచ్చినది. మూకచిత్రములకై కూర్చుకొన్న సామగ్రి వ్యర్థమైనది. కంపెనీ మూతపడినది. పిమ్మట ఆయన న్యూ థియేటర్స్ వంటి పరుల సంస్థలలో చిత్రములు తీసిరి. 1974లో పద్మభూషణము, 1975లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము లభించినవి. 1978 నవంబరు 18వ తేదీన కన్నుమూసిరి.

ఆయన పోయిన పిమ్మట హైదరాబాదు చిరకాలము చిత్రములు చూచు నగరముగానే మిగిలినది. కరీంనగరపు పైడి జైరాజ్ నటుడగుటకు బొంబాయికి పోవలసివచ్చెను. తెలుగు టాకీ మద్రాసున పెరిగి, 1956 తరువాతి దశాబ్దములలో క్రమక్రమముగా ఇటు తరలివచ్చెను.

నేడు నిజాము లేడు. కొడంగల్ యువకుడు సెల్‌ఫోనుతోనే చిత్రము తీయగలడు. కాని తీసినదానిని ప్రదర్శించుట కాతనికి శాల కావలెను. సంక్రాంతికి, దసరాకు తెరలన్నియు పెద్దచిత్రములకే పోవుచుండగా వానికి మిగులునది ఉదయపు ఆట యొక్కటి. సెన్సారు సంఘము కాదన్నచో చెప్పుకొనుటకు ప్రత్యేక ట్రిబ్యునలు ఒకటి యుండెను. 2021లో అదియు రద్దయినది. ఇక హైకోర్టుకే పోవలెను. న్యాయవాదికి రుసు మిచ్చుకొనలేని చిన్న నిర్మాతకు ఆ మార్గ మెంత దూరము!

ప్రభుత్వములు చిన్నచిత్రములకు బహుమతులు, సహాయధనములు ప్రకటించుట మంచిదే. కాని బహుమతియు నొక అనుగ్రహమే. తెరపై న్యాయమైన ఆటల సంఖ్య, తక్కువ వ్యయముతో శీఘ్రముగా తీరు అప్పీలు, ఇవి శాసనముచే హక్కులుగా లభింపవలెను. ఆశ్రయ మెంత ఉదారమైనను అది ఒక్క ఉత్తరువుతో ముగియునని గంగూలీగారి జీవితము మనకు బోధించుచున్నది. ఆ పాఠమునకు హైదరాబాదు ఒకసారి తన పరిశ్రమనే మూల్యముగా చెల్లించినది. మరల చెల్లింప నక్కరలేదు.