జార్జి సైమన్ ఓమ్

విద్యుత్తు పాఠంలో మన విద్యార్థులు తొలుత కంఠస్థం చేసేది ఓమ్ నియమం. ఆ పేరుగల మనిషి జీవితంలో అధికభాగం బడిపంతులుగానే గడిపాడన్న సంగతిని పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పవు. అధ్యాపకవృత్తిలో ఉన్న మాకు ఆ సంగతే ముఖ్యమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. పెద్ద చదువులు లేకపోయినా స్వయంకృషితో గణితం నేర్చి, కుమారులకు తానే బోధించాడు. ఓమ్ విశ్వవిద్యాలయంలో చేరిన కొత్తలో నాట్యాలతో, బిలియర్డ్సుతో కాలం వెళ్ళబుచ్చగా, తండ్రి ఆగ్రహించి చదువు మాన్పించి స్విట్జర్లాండు పంపివేశాడు. మన విద్యార్థులు ఈ ఒక్క వాక్యాన్నే జ్ఞాపకముంచుకోరని ఆశిస్తున్నాము. అక్కడ గణితం చెప్పుకుంటూ బ్రతికి, తిరిగివచ్చి 1811లో డాక్టరేటు పొందాడు. చాలీచాలని జీతాల కొలువులు కొన్ని చేసి, 1817లో కొలోన్ నగరపు ఉన్నత పాఠశాలలో చేరాడు. ఆ పాఠశాలకు మంచి ప్రయోగశాల ఉండేది. కళాశాల పాలకవర్గం వారికి ఈ మాటను వేరుగా విన్నవించనక్కరలేదు.

ఆయన శోధించినదేమిటో తెలియాలంటే మన పాకాల చెరువును తలచుకుందాము. చెరువులో నీటిమట్టం ఎత్తుగా ఉన్నకొద్దీ తూము గుండా నీరు ఉరవడిగా వస్తుంది. తూము ఇరుకైతే ప్రవాహం సన్నగిల్లుతుంది. మట్టపు ఎత్తు వంటిది వోల్టేజి. పారే నీటి వంటిది విద్యుత్ప్రవాహం. తూము ఇరుకు వంటిది నిరోధం. ఉర్దూలో దీనిని ముజాహమత్ అంటారు. ఎదిరించి అడ్డుకొనుట అనే భావం ఆ మాటలోనే ఉన్నది. పోలిక కొంత దూరమే నడుస్తుంది గాని, మొదటి పాఠానికి చాలు.

1825లో ఓమ్ వేర్వేరు పొడవుల తీగలలో ప్రవాహాన్ని కొలిచి ఒక సూత్రం ప్రకటించాడు. అది తప్పు. దోషం తీగలలో లేదు. కొలుస్తూండగానే బ్యాటరీ శక్తి తగ్గిపోతున్నది. మట్టం దిగిపోతున్న చెరువు వద్ద కూర్చుని తూమును అంచనా కట్టినట్లయింది. పోగెన్‌డార్ఫ్ అనే పత్రికా సంపాదకుని సలహాపై ఆయన బ్యాటరీని విడిచి, బిస్మత్, రాగి లోహాలను జోడించి, ఒక అతుకును మరిగే నీటిలో, రెండవదానిని కరిగే మంచులో ఉంచాడు. నీరు మరుగుతున్నంతసేపు, మంచు కరుగుతున్నంతసేపు వోల్టేజి కదలదు. ఆపై సత్యం బయటపడింది: వోల్టేజి రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు, నిరోధం రెట్టింపైతే ప్రవాహం సగం. మన ఇండ్లలోని 230 వోల్టులకు 46 ఓమ్‌ల హీటరు తగిలిస్తే 5 ఆంపియర్లు ప్రవహిస్తుంది. తీగ ఉష్ణోగ్రత మారకూడదన్న షరతును పరీక్షలో మరచేవారే ఎక్కువ.

సగం జీతంపై సెలవు పెట్టి, బెర్లిన్‌లో ఉండి వ్రాసిన గ్రంథం 1827లో వెలువడింది. భౌతికశాస్త్రంలో అంత గణితమా అని కొందరు పండితులు ఈసడించారు. ఆశించిన విశ్వవిద్యాలయ పదవి రాలేదు. ఓమ్ 1828లో కొలోన్ కొలువు వదులుకుని, బెర్లిన్‌లో కొద్దిపాటి బోధనతో ఏళ్ళు గడిపి, 1833లో న్యూరెంబర్గు పాలిటెక్నిక్‌లో చేరాడు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కోప్లీ పతకం ఇచ్చిన తరువాతగాని స్వదేశం కళ్ళు తెరవలేదు. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో ఆచార్యపీఠం 1852లో లభించింది. అప్పటికి ఆయనకు 63 ఏళ్ళు. రెండేళ్ళకే, 1854 జూలై 6న మరణించాడు. నిరోధపు కొలమానానికి ఆయన పేరును పారిస్ విద్యుత్ మహాసభ 1881లో ఖాయపరచింది.