ఆచార్య జె.బి.యస్. హాల్డేన్: జీవశాస్త్రమునకు లెక్కలు నేర్పిన మహనీయుడు

1964వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరములో ఒక మహా విద్వాంసుడు కన్నుమూశారు. ఆయన వ్రాసిన వీలునామా ప్రకారము ఆయన దేహమును దహనము చేయలేదు, భూస్థాపితము చేయలేదు. వైద్య విద్యార్థుల చదువు కొరకు కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. భువనేశ్వరమునకు, కాకినాడకు నడుమ ఉన్న సీమ మనది. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి ఆ దారిలోనివే. ఆయన పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. గణితమును, జీవశాస్త్రమును ఒకే కాడికి కట్టి దున్నిన వారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆయన జీవితము మన ఉద్దానమునకు ఎందుకు పనికి వచ్చునో తెలుపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బాల్యము, విద్య

హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను పరిశోధించిన ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు. బొగ్గు గనులలోని విషవాయువులను గురించి తెలిసికొనుటకు తానే గనులలో దిగి ఆ గాలి పీల్చి చూచెడివారు. కుమారుని కూడ వెంట తీసికొని పోయెడివారు. ఒకసారి గనిలో బాలుని నిలువబెట్టి ఒక నాటకములోని ప్రసంగమును వల్లించమన్నారట. కొంతసేపటికి బాలునికి ఊపిరి ఆడక కాళ్ళు తేలిపోయి క్రిందపడినాడు. నేలకు దగ్గరగా మంచి గాలి ఉండుటచే మరల తేరుకున్నాడు. ఆ వాయువు తేలికయై పైకప్పు చేరునని ఆ బాలుడు ఎన్నటికిని మరువలేదు. పరిశోధకుడు ముందు తన దేహము మీదనే ప్రయోగము చేసికొనవలెనను నియమము ఆయనకు ఆ విధముగా తండ్రి నుండి సంక్రమించినది.

ఆక్స్‌ఫర్డు న్యూ కాలేజీలో ఆయన గణితములోను, తరువాత గ్రీకు, లాటిను సాహిత్య తత్త్వశాస్త్రములలోను ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైనారు. విజ్ఞానశాస్త్రములో ఆయనకు డిగ్రీ లేనేలేదు! మొదటి ప్రపంచ యుద్ధములో సైనికాధికారిగా పోరాడి గాయపడినారు. ఎలుకల వంశపారంపర్యము గురించి చెల్లెలితోను, ఒక స్నేహితునితోను కలిసి వ్రాసిన వ్యాసము 1915లో వెలువడినది. అది అచ్చులోనికి వచ్చునప్పటికే ఆ స్నేహితుడు యుద్ధములో మరణించి యున్నాడు.

లెక్కలు, జీవులు

యుద్ధానంతరము కొన్ని ఏండ్లకు ఆయన కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్ర శాఖలో చేరారు. ఆ కాలములో డార్విన్ చెప్పిన ప్రకృతివరణము నిజముగా పనిచేయునా, చేసినచో ఎంత వేగముగా చేయును అను వాదము నడుచుచుండెను. హాల్డేన్ దానికి లెక్కతో జవాబు చెప్పారు. మాంచెస్టరు ప్రాంతములో ఒక జాతి చిమ్మటలు తెల్లని రెక్కలతో ఉండెడివి. 1848లో అచ్చట మొదటిసారిగా నల్లనిది కనిపించినది. ఫ్యాక్టరీల మసితో చెట్లు నల్లబడగా, శతాబ్దాంతమునకు ఇంచుమించు అన్నియు నల్లనివే అయినవి. వీనికి ఏడాదికి ఒక తరము. అంటే సుమారు 50 తరములలో ఇంత మార్పు. ఇది జరుగవలెనన్నచో తెల్లనిదాని కంటె నల్లనిది ఒకటిన్నర రెట్లు సంతానమును మిగుల్చుకొనవలెనని 1924లో హాల్డేన్ గణించారు. అంత పెద్ద తేడాను నాడు చాలమంది నమ్మలేదు. ముప్పది ఏండ్ల తరువాత అడవిలో చేసిన పరిశీలనలు ఆ తేడా నిజముగా పెద్దదేనని చూపించినవి.

తరువాత ఆయన లండను యూనివర్సిటీ కాలేజీకి మారారు. గాయమైనచో రక్తము గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధి గురించి 1935లో మరియొక లెక్క వేశారు. ఈ వ్యాధి గల మగపిల్లలలో ఎక్కువమంది సంతానము కలుగకముందే మరణించెడివారు. అట్లయినచో వ్యాధి ఎప్పుడో అంతరించవలసినది కదా! అంతరించలేదనగా, పోయిన దోషబీజముల స్థానములో క్రొత్తవి పుట్టుచున్నవన్న మాట. ఎన్ని పోవుచున్నవో లెక్కించి, ఎన్ని పుట్టుచున్నవో ఆయన చెప్పారు. తరమునకు సుమారు 50,000కు ఒకటి. మానవులలో ఇట్టి మార్పుల వేగమును అంచనా కట్టుటకు అదియే నాంది. మలేరియా ఉన్న దేశములలో కొన్ని వంశపారంపర్య రక్తదోషములు ఎక్కువగా ఉండుటకు, ఆ బీజము ఒక్కటే ఉన్నవారికి మలేరియా నుండి రక్షణ కలుగుటయే కారణము కావచ్చునని 1949లో సూచించినదియు ఆయనే. మన మన్యము గిరిజనులలో కనిపించు సికిల్‌సెల్ వ్యాధికి ఈ సూత్రము వర్తించునని తరువాతి పరిశోధకులు నిర్ధారించారు.

ఆయనలో లోపములు లేకపోలేదు. ముక్కోపి. కమ్యూనిస్టు పక్షములో ఉన్న రోజులలో, సోవియట్ దేశమున లైసెంకో జన్యుశాస్త్రమును అణగద్రొక్కినప్పుడు గట్టిగా ఖండించుటకు జంకారు. పిదప ఆ పక్షమును విడిచారు. ఆయన దైవమును నమ్మినవారు కారు. ఈ సంచికలో ఆ సంగతి దాచవలసిన పని లేదు. తన దేహమును సయితము పరులకు ఇచ్చిన వానినుండి నేర్చుకొనుటకు మనకు అది అడ్డు కారాదు.

భారతదేశములో

సూయజ్ కాలువ విషయములో 1956లో బ్రిటన్ జరిపిన దాడిని నిరసించుచు, 1957లో ఆయన భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తా వచ్చి, మహలనోబిస్ నడుపుచున్న భారత గణాంక సంస్థలో చేరారు. మన దేశ పౌరసత్వము స్వీకరించి, మన బట్టలు కట్టి, శాకాహారియై జీవించారు. ఖరీదైన యంత్రములు లేవని భారతీయ శాస్త్రజ్ఞులు చింతించనక్కరలేదు, కళ్ళు తెరచి చూచి ఓపికతో లెక్కించినచో గొప్ప శాస్త్రము పుట్టునని ఆయన బోధ. ఆయన శిష్యులలో ఒకరు పారిజాత పుష్పముల రేకులను లెక్కించారు. పిఠాపురములో జన్మించిన మన తెలుగువారు ద్రోణంరాజు కృష్ణారావు గారు, లాంటానా పొదలపై ఏ సీతాకోకచిలుక ఏ రంగు పూవుపై వాలునో లెక్కించి, ఒక్కొక్క జాతికి ఒక్కొక్క రంగుపై మక్కువ ఉన్నదని చూపారు. ఆంధ్రదేశములో మేనరికములను, మేనమామ మేనకోడళ్ళ వివాహములను గురించియు ఆయన పరిశోధించారు. మేనరికములో పుట్టిన బిడ్డకు ఒకే పూర్వుని నుండి ఒకే బీజము రెండు వైపుల నుండి సంక్రమించు అవకాశము 16లో ఒక వంతు. మేనమామ వివాహములో 8లో ఒక వంతు. ఇది జన్యుగణితము చెప్పిన మాట. కృష్ణారావు గారు 2020లో పరమపదించారు.

మన ఉద్దానము రైతులకు అన్నిటికంటె నచ్చునది టి.ఏ. డేవిస్ గారి పని. కొబ్బరిచెట్టు మొవ్వున మట్టలు కొన్నిటిలో ఎడమవైపు, కొన్నిటిలో కుడివైపు చుట్టు తిరిగి ఉండును. రెండు రకములును ఇంచుమించు సగము సగము. ఇది తల్లిచెట్టు నుండి మొక్కకు వచ్చు గుణము కాదని డేవిస్ నిరూపించారు. అయినను ఎడమ చుట్టు చెట్లు సగటున ఎక్కువ కాయలు కాయునని ఆయన లెక్కలో తేలినది. కవిటి, సోంపేట తోటలలో మన పిల్లలు ఎవరైనను కాగితము, పెన్సిలు పట్టుకొని ఈ లెక్క తీయవచ్చును. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వేలకొలది చెట్లను కూల్చిన తరువాత నాటిన మొక్కలు అందుకు సిద్ధముగా ఉన్నవి.

అభిప్రాయభేదములచే 1961లో హాల్డేన్ గణాంక సంస్థను విడిచారు. 1962లో ఒరిస్సా ప్రభుత్వ సహాయముతో భువనేశ్వరములో జన్యుశాస్త్ర, జీవగణిత ప్రయోగశాలను స్థాపించారు. రెండేళ్ళకే క్యాన్సరు ఆయనను కబళించినది.

మనకు పాఠము

1990ల నుండి మన ఉద్దానమును మూత్రపిండముల వ్యాధి పీడించుచున్నది. చక్కెర వ్యాధి గాని రక్తపు పోటు గాని లేనివారికి సయితము ఇది వచ్చుచున్నది. నీరా, నేలలోని లోహములా, పురుగుమందులా, ఎండలో చాకిరియా, వంశములోని బీజమా? ఎందరో పరిశోధకులు వచ్చి పరీక్షించారు. కాని ఒకే ఒక కారణము ఇంకను నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రము ప్రారంభమైనది. హిరమండలం జలాశయము నుండి ఉద్దానమునకు త్రాగునీరు తెచ్చు పథకమును కూడ ఆనాడే ప్రారంభించారు.

ఇచ్చట హాల్డేన్ పద్ధతి ఎంతైన అవసరము. ఒకే ఇంటిలో తండ్రికి, కుమారునికి వ్యాధి వచ్చినచో రక్తదోషమని వెంటనే అనుకొందుము. కాని ఆ ఇంటివారు ఒకే బావి నీరు త్రాగినవారు, ఒకే తోటలో పాటుపడినవారు. ఈ రెండింటిని విడదీయుట వైద్యుని కంటికి మాత్రమే సాధ్యము కాదు. గణితజ్ఞుని లెక్క కావలెను. అటులనే రోగులను మాత్రమే లెక్కించినచో చాలదు. అదే ఊరిలో అదే పని చేయుచు ఆరోగ్యముగా ఉన్నవారిని కూడ లెక్కించి పోల్చవలెను. వైద్యుడు లేని లెక్క గ్రుడ్డిది, లెక్క లేని వైద్యము కుంటిది.

మన పిల్లలు పదవ తరగతి దాటగానే లెక్కలవారు ఎం.పి.సి.కి, జీవశాస్త్రమువారు బై.పి.సి.కి విడిపోవుదురు. ఆపైన ఒకరి పుస్తకము ఒకరు ముట్టరు. విజ్ఞానశాస్త్రములో డిగ్రీ లేని గణిత విద్యార్థి జీవశాస్త్రమునకు ఎంతటి సేవ చేసెనో హాల్డేన్ జీవితము చెప్పుచున్నది. పలాస, టెక్కలి కళాశాలలలో చదువుకొను మన యువతీయువకులలో ఒక లెక్కల విద్యార్థియు, ఒక జీవశాస్త్ర విద్యార్థియు ఒకే బల్ల వద్ద కూర్చుండి మన ఊళ్ళ బాధను గురించి ఆలోచించుదురు గాక! మరణానంతరము కూడ విద్యార్థులకు పాఠమైన ఆ మహనీయునికి మనము చేయగల సన్మానము అదియేనని మా విశ్వాసము.