తంతిపై అక్షరం – శామ్యూల్ మోర్స్

సుమారు రెండు వందల సంవత్సరాల క్రితం వరకు వార్త సాధారణంగా మనిషిని మించిన వేగంతో ప్రయాణించేది కాదు. గుర్రం ఎంత వేగంగా పరుగెత్తితే, ఓడ తెరచాపకు ఎంత గాలి తగిలితే, కబురు అంత వేగంగానే గమ్యం చేరేది. 1814 డిసెంబరు 24న ఇంగ్లండు, అమెరికా దేశాల ప్రతినిధులు ఐరోపాలో సంధిపత్రంపై సంతకాలు చేశారు. ఆ కబురు అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటకముందే, 1815 జనవరి 8న న్యూ ఆర్లియన్స్ నగరం వద్ద ఉభయ సైన్యాలు ఘోరంగా పోరాడాయి. సంధి కుదిరిన సంగతి తెలియక వందలాది సైనికులు ప్రాణాలు కోల్పోయారు. అట్టి కాలంలో దూరాన్ని జయించి, క్షణాలలో కబురు చేరవేసే సాధనాన్ని లోకానికి అందించిన వారిలో అగ్రగణ్యుడు శామ్యూల్ ఫిన్లీ బ్రీజ్ మోర్స్. విశేషమేమంటే, అతడు వృత్తిచేత శాస్త్రవేత్త కాడు, చిత్రకారుడు.

మోర్స్ 1791 ఏప్రిల్ 27న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ నగరానికి చేరువలోని ఛార్లెస్‌టౌన్‌లో జన్మించాడు. తండ్రి జెడిడయా మోర్స్ క్రైస్తవ మతబోధకుడు. భూగోళశాస్త్ర పాఠ్యగ్రంథాల రచయితగా పేరుపొందినవాడు. తల్లిదండ్రులకు శామ్యూల్ జ్యేష్ఠ పుత్రుడు. యేల్ కళాశాలలో చదువుతున్న రోజులలో అతడు విద్యుత్తును గురించిన ఉపన్యాసాలను ఆసక్తితో విన్నాడు. కాని మనసంతా చిత్రలేఖనంపైనే లగ్నమై ఉండేది. దంతపు పలకలపై చిన్న చిన్న రూపచిత్రాలు గీసి, వాటిని అమ్మి చేతిఖర్చులు గడుపుకొనేవాడు. 1810లో పట్టభద్రుడైన పిమ్మట, మరుసటి సంవత్సరం గురువు వాషింగ్టన్ ఆల్‌స్టన్ వెంట లండన్ నగరానికి వెళ్ళి, అక్కడి రాయల్ అకాడమీలో శిక్షణ పొందాడు. పురాణేతిహాస ఘట్టాలను మహాచిత్రాలుగా రచించి కీర్తి గడించాలన్నది అతని ఆశయం. 1815లో స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత ఆ ఆశ నెరవేరలేదు. అమెరికా ప్రజలు తమ రూపచిత్రాలు గీయించుకొనేవారే తప్ప మహాచిత్రాలను కొనేవారు కారు. అందుచేత అతడు ఊరూరా తిరిగి సంపన్నుల రూపచిత్రాలు గీస్తూ జీవనం సాగించవలసి వచ్చింది.

1818లో లుక్రీషియా అనే యువతిని మోర్స్ వివాహమాడాడు. సంపాదన కోసం భర్త దూరప్రాంతాలలో తిరుగుతుంటే, ఆమె న్యూహేవెన్ పట్టణంలో అత్తమామల చెంత పిల్లలను పెంచుతూ ఉండేది. 1825 ప్రారంభంలో మోర్స్‌కు ఒక గొప్ప అవకాశం లభించింది. అమెరికా స్వాతంత్ర్య సమరంలో పాల్గొన్న ఫ్రెంచి వీరుడు లఫాయెత్ చిత్రాన్ని రచించే బాధ్యతను న్యూయార్క్ నగరపాలక సంస్థ అతనికి అప్పగించింది. ఆ పనిమీద అతడు వాషింగ్టన్ నగరానికి వెళ్ళాడు. అప్పటికి కొద్ది రోజుల క్రితమే లుక్రీషియా మూడవ బిడ్డను ప్రసవించింది. ఫిబ్రవరి 7న ఆమె హఠాత్తుగా మరణించింది. ఆ దుర్వార్తను తెలుపుతూ తండ్రి వ్రాసిన ఉత్తరం గుర్రపుబండ్లపై సాగి, కొన్ని రోజుల తరువాత గాని కుమారునికి చేరలేదు. పని విడిచి అతడు హుటాహుటిన బయలుదేరాడు. న్యూహేవెన్ చేరేసరికి అంత్యక్రియలు ముగిసిపోయాయి. భార్య కడచూపు కూడా అతనికి దక్కలేదు. దూరం మనిషికి ఎంతటి శత్రువో మోర్స్ స్వానుభవంతో తెలుసుకొన్నాడు.

తరువాతి సంవత్సరాలలో అతడు న్యూయార్క్ నగరంలో జాతీయ చిత్రకళా సంస్థను నెలకొల్పిన వారిలో ఒకడై, దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1829లో మరల ఐరోపాకు వెళ్ళి, ఇటలీ, ఫ్రాన్స్ దేశాలలో ప్రాచీన చిత్రాలను అధ్యయనం చేశాడు. 1832 అక్టోబరులో సల్లీ అనే ఓడలో తిరుగుప్రయాణమయ్యాడు. ఆ ఓడలో ఛార్లెస్ జాక్సన్ అనే వైద్యుడు విద్యుదయస్కాంతం గురించి తోటి ప్రయాణికులకు వివరించాడు. ఇనుపకడ్డీకి తీగను చుట్టి విద్యుత్తును ప్రవహింపజేస్తే కడ్డీ అయస్కాంతమవుతుంది. ప్రవాహాన్ని ఆపితే ఆ శక్తి పోతుంది. తీగ ఎంత పొడవైనా విద్యుత్తు దానిగుండా క్షణంలో ప్రవహిస్తుంది. ఈ మాటలు మోర్స్ మనసులో నాటుకొన్నాయి. తీగకు ఒక చివర విద్యుత్తును కలుపుతూ, విడదీస్తూ ఉంటే, రెండవ చివర అయస్కాంతం ఒక గుర్తును వేయగలదు గదా! ఆ గుర్తులకు అర్థాన్ని నిర్ణయిస్తే వార్తను పంపవచ్చు గదా! ఓడ తీరం చేరేలోగా అతడు తన పుస్తకంలో యంత్రం రూపురేఖలను గీసుకొన్నాడు. అప్పటికి అతని వయస్సు 41 సంవత్సరాలు.

ఆలోచన మెరిసినంత వేగంగా ఆచరణ సాధ్యం కాలేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చిత్రకళాచార్యునిగా పనిచేస్తున్నా, అతని ఆదాయం అత్యల్పం. మొదటి యంత్రాన్ని చిత్రపటం బిగించే కొయ్యచట్రంతోను, పాత గడియారపు చక్రాలతోను తానే తయారుచేసుకొన్నాడు. తీగ పొడవు పెరిగేకొద్దీ విద్యుత్తు బలహీనపడి, యంత్రం పనిచేయడం మానేది. అదే విశ్వవిద్యాలయంలోని రసాయనశాస్త్రాచార్యుడు లెనార్డ్ గేల్ ఈ చిక్కును విప్పడానికి తోడ్పడ్డాడు. జోసెఫ్ హెన్రీ అనే శాస్త్రవేత్త అంతకుముందే కనుగొన్న సూత్రాలను అనుసరించి, బ్యాటరీలో ఘటాల సంఖ్యను, అయస్కాంతానికి చుట్టిన తీగచుట్ల సంఖ్యను పెంచాడు. దానితో పది మైళ్ళ తీగగుండా సంకేతం చేరింది. 1837లో ఆల్‌ఫ్రెడ్ వెయిల్ అనే యువకుడు ఈ ప్రయోగాన్ని చూసి మోర్స్‌తో భాగస్వామి అయ్యాడు. అతని కుటుంబానికి మోరిస్‌టౌన్‌లో ఇనుప కర్మాగారం ఉండేది. ధనం, పనిముట్లు, యంత్రకౌశలం మూడూ ఆ విధంగా సమకూరాయి.

సంకేతలిపి నిర్మాణం ఈ కథలో అత్యంత ఆసక్తికరమైన ఘట్టం. మోర్స్ మొదట ప్రతి పదానికి ఒక సంఖ్యను కేటాయించి, నిఘంటువు సహాయంతో అర్థం చేసుకొనే పద్ధతిని తలపెట్టాడు. అది శ్రమతో కూడినది. అందుచేత దానిని విడిచి, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క సంకేతాన్ని ఏర్పరచే మార్గం అవలంబించారు. చుక్క, గీత అనే రెండు గుర్తులతోనే అక్షరాలన్నీ కూర్చాలి. ఏ అక్షరానికి చిన్న సంకేతం ఇవ్వాలి? దేనికి పెద్దది ఇవ్వాలి? ఈ ప్రశ్నకు సమాధానం ముద్రణాలయంలో దొరికింది. అచ్చుకూర్పరి ఎదుట ఉండే పెట్టెలో గళ్ళు ఉంటాయి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరం అచ్చులు ఉంటాయి. తరచుగా వాడే అక్షరం గడిలో అచ్చులు ఎక్కువ, అరుదైన దాని గడిలో తక్కువ. ఆ లెక్కలో ఆంగ్లంలోని ఇ అక్షరం అచ్చులు 12,000 ఉండగా, జెడ్ అక్షరానికి 200 మాత్రమే ఉన్నాయని చెబుతారు. అందుచేత ఇ అక్షరానికి ఒకే చుక్క, టి అక్షరానికి ఒకే గీత లభించాయి. ఈ లిపి రూపకల్పనలో మోర్స్ పాలెంత, వెయిల్ పాలెంత అన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు.

తెలుగు ఛందస్సును అభ్యసించిన విద్యార్థులకు ఈ లిపి పరిచితమైన దానివలె తోస్తుంది. లఘువు ఒక మాత్ర కాలం, గురువు రెండు మాత్రల కాలం. మోర్స్ లిపిలో చుక్క ఒక మాత్ర అయితే గీత మూడు మాత్రలు. ఒక గుర్తుతో రెండు సంకేతాలు, రెండు గుర్తులతో నాలుగు, మూడింటితో ఎనిమిది, నాలుగింటితో పదహారు. మొత్తం ముప్పై సంకేతాలు ఏర్పడతాయి. ఆంగ్లాక్షరాలు ఇరవై ఆరే గనుక నాలుగు గుర్తులకు మించి అవసరం లేదు. మూడు గుర్తుల సంకేతాలు ఎనిమిది అని మోర్స్ లిపి చెబితే, మూడక్షరాల గణాలు ఎనిమిది అని మన లాక్షణికులు ఏనాడో చెప్పారు. ప్రాచీనుడైన పింగళుడు గురులఘువులను వరుసలుగా పేర్చి చూపే ప్రస్తారాన్ని వివరించాడు. మూడు చుక్కలు న గణమైతే అది ఎస్ అక్షరం. మూడు గీతలు మ గణమైతే అది ఓ అక్షరం. ఆపదలో ఉన్న ఓడలు పంపే సుప్రసిద్ధ సంకేతం న గణం, మ గణం, న గణం వరుసలో సాగుతుంది.

అయితే గుర్తులే కాక వాటి మధ్య విరామం కూడా అర్థాన్ని నిర్ణయిస్తుంది. మూడు చుక్కలు కలిసి వస్తే ఎస్. ఒకటి, ఆపై విరామం, తరువాత రెండు వస్తే ఇ, ఐ అక్షరాలు. మూడూ విడివిడిగా వస్తే ముమ్మారు ఇ అక్షరమే. విరామాలు తొలగిస్తే చదువరి తర్కంతో ఒక్కొక్క అవకాశాన్ని పరీక్షించి, పొసగని దానిని త్రోసిపుచ్చి, అర్థవంతమైన దానిని గ్రహించాలి. కంప్యూటర్ తెరపై గళ్ళలో చుక్కలను, గీతలను నింపి అక్షరాలను కనుగొనే ప్రహేళికలకు ఇదే ఆధారం. గళ్ళనుడికట్టు పూరించేవారి వలె, అడ్డంగా కుదిరినది నిలువుగా కూడా కుదురుతున్నదా అని ఆటగాడు సరిచూసుకొంటాడు.

యంత్రం, లిపి సిద్ధమైనా దానిని నమ్మి ధనం వెచ్చించేవారు కరువయ్యారు. మోర్స్ సంవత్సరాల తరబడి అమెరికా ప్రభుత్వాన్ని అర్థించాడు. చట్టసభలో కొందరు అతని ప్రయత్నాన్ని పరిహసించారు. ఎట్టకేలకు 1843లో ప్రతినిధుల సభ కేవలం ఆరు ఓట్ల ఆధిక్యంతో 30,000 డాలర్ల మంజూరుకు అంగీకరించింది. సమావేశాల చివరి రాత్రి సెనేట్ సభ కూడా ఆమోదం తెలిపింది. వాషింగ్టన్ నుండి బాల్టిమోర్ వరకు సుమారు 40 మైళ్ళ మార్గం నిర్ణయమైంది. మొదట భూమిలో గొట్టాలు పాతి తీగలను నడిపారు. పైపూత లోపంవల్ల అవి పనికిరాకపోయాయి. ధనంలో అధికభాగం వ్యర్థమైంది. మోర్స్ నిరాశపడక స్తంభాలు నాటించి వాటిపై తంతిని సాగించాడు. 1844 మే 24న వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు మందిరంలో కూర్చొని, అతడు బైబిలు నుండి ఎన్నిన ఒక వాక్యాన్ని పంపాడు. బాల్టిమోర్‌లో వెయిల్ దానిని అందుకొని మరల తిరిగి పంపాడు. అక్కడివారు ఆశ్చర్యచకితులయ్యారు. భార్య కడచూపునకు నోచుకోని మనిషికి అప్పటికి 53 సంవత్సరాలు నిండాయి.

కీర్తితోపాటు వివాదాలు కూడా వచ్చాయి. ఇంగ్లండులో కుక్, వీట్‌స్టన్ అనే వారు 1837లోనే సూదులతో పనిచేసే తంతియంత్రాన్ని నిర్మించారు. జాక్సన్ ఆ ఆలోచన తనదేనని వాదించాడు. 1854లో అమెరికా సుప్రీంకోర్టు మోర్స్ హక్కులను ప్రధానంగా సమర్థించింది. విద్యుదయస్కాంతంతో దూరాన అక్షరాలు ముద్రించే పద్ధతులన్నీ తనవేనన్న విశాలమైన హక్కును మాత్రం నిరాకరించింది. ఒక్కని మేధస్సుతోనే ఈ సాధనం పుట్టలేదనడం సత్యం. హెన్రీ సూత్రం, గేల్ సలహా, వెయిల్ పనితనం లేనిదే మోర్స్ ఆలోచన పుస్తకంలోని గీతగానే మిగిలిపోయేది. మోర్స్ వ్యక్తిత్వంలో లోపాలు కూడా లేకపోలేదు. అతడు బానిస విధానాన్ని సమర్థించాడు. పరదేశాల నుండి వలస వచ్చిన కేథలిక్కులను ద్వేషించాడు. దూరాలను చెరిపిన చేతికి మనుషుల మధ్య గోడలు కనిపించకపోవడం విచారకరం.

1858లో ఐరోపాలోని పలు దేశాలు కలిసి అతనికి 4,00,000 ఫ్రాంకుల పారితోషికాన్ని సమర్పించాయి. 1871 జూన్ 10న న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కులో అతని విగ్రహం ఆవిష్కృతమైంది. 1872 ఏప్రిల్ 2న మోర్స్ కన్నుమూశాడు.

భారతదేశంలో తంతి వ్యవస్థకు ఆద్యుడు విలియం ఓషాఘ్నెస్సీ అనే వైద్యుడు. అతడు 1839లోనే కలకత్తాలో ప్రయోగాలు చేశాడు. 1851లో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య తంతి పనిచేయసాగింది. 1855లో ప్రజలకు కూడా అందుబాటులోకి వచ్చింది. 1857 తిరుగుబాటు సమయంలో అదే తంతి పాలకుల చేతిలో ఆయుధమయింది. ఆరంభంలో ఓషాఘ్నెస్సీ తాను రూపొందించిన పరికరాలనే వాడినా, తరువాత మోర్స్ పద్ధతి దేశమంతటా వ్యాపించింది. తపాలా కార్యాలయాలలోను, రైలు స్టేషన్లలోను దాని టకటక ధ్వని నిత్యం వినవచ్చేది. ఖమ్మం, కొత్తగూడెంల నడుమ అడవి అంచున ఉన్న జూలూరుపాడు వంటి గ్రామాలలో టెలిగ్రాం వచ్చిందంటే ఇంటిల్లిపాది గుండెలు దడదడలాడేవి. అది తెచ్చేది చాలావరకు మరణవార్తే. అయినను ఆ కాగితం ముక్క వల్లనే ఎందరో బంధువులు దూరప్రాంతాల నుండి బయలుదేరి, ఆత్మీయుల కడచూపునకు అందుకోగలిగారు.

టెలిఫోను, అంతర్జాలం వ్యాపించడంతో 2013 జులైలో భారతదేశంలో టెలిగ్రాం సేవ ముగిసింది. సముద్రయానంలో మోర్స్ సంకేతాల స్థానాన్ని 1999 నాటికే ఉపగ్రహ సాధనాలు ఆక్రమించాయి. కాని నేటికీ రేడియో అభిరుచి గలవారు ఆ లిపిని అభ్యసిస్తున్నారు. ప్రహేళికలలో యువతరం దానిని మరల కనుగొంటున్నది. మాట సకాలంలో చేరడం ఎంత విలువైనదో మోర్స్ జీవితం తెలుపుతుంది. క్షణంలో సందేశం పంపగల ఈ తరం, ఆ విలువను మరువక, చేరవేయవలసిన మాటను సకాలంలో చేరవేయడం నేర్చుకోవాలి.

అభ్యాసం

1. లుక్రీషియా మరణవార్త మోర్స్‌కు చేరిన తీరును వివరించండి.
2. ముద్రణాలయంలోని అచ్చుల పెట్టె సంకేతలిపి నిర్మాణానికి ఎట్లు తోడ్పడింది?
3. మోర్స్ లిపికి, ఛందోగణాలకు గల పోలికలను, భేదాన్ని రాయండి.
4. తంతి ఆవిష్కరణలో మోర్స్‌కు సహకరించిన వారిని గురించి సంగ్రహంగా రాయండి.
5. చుక్కను లఘువుగా, గీతను గురువుగా భావించి ఎనిమిది గణాలను మోర్స్ గుర్తులలో ఒక పట్టికగా రాయండి.