విద్యాశిల్పి ఫ్రెడరిక్ టెర్మన్

నేర్చిన విద్య పెరిగిన నేలమీద అన్నం పెట్టలేనప్పుడు విద్యావంతులకు వలస తప్పదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో అమెరికా పశ్చిమతీరాన ఉన్న కాలిఫోర్నియా ఈ బాధను అనుభవించింది. అక్కడి ఇంజనీరింగ్ పట్టభద్రులు ఎందరో ఉద్యోగాల కోసం వేల మైళ్ళ దూరంలోని తూర్పు రాష్ట్రాలకు తరలిపోయేవారు. ఆ ప్రవాహాన్ని వెనుకకు మళ్ళించడానికి జీవితాన్ని వెచ్చించిన ఆచార్యుడు ఫ్రెడరిక్ టెర్మన్.

టెర్మన్ 1900 జూన్ 7న ఇండియానా రాష్ట్రంలో జన్మించారు. తండ్రి లూయిస్ టెర్మన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యులు. ఫ్రెడరిక్ అక్కడే చదివి, తూర్పుతీరంలోని ఎం.ఐ.టి. నుండి 1924లో డాక్టరేటు పొందారు. ఆ విద్యాసంస్థలోనే అధ్యాపక పదవి సిద్ధంగా ఉన్న వేళ ఆయనకు క్షయవ్యాధి సోకింది. దాదాపు ఏడాది కాలం మంచం పట్టారు. కోలుకున్నాక తూర్పుకు వెళ్ళక స్టాన్‌ఫర్డ్‌లోనే అధ్యాపకులయ్యారు. ఆయనకు శాపమైన వ్యాధి ఆ ప్రాంతానికి వరమయింది.

రేడియో ఇంజనీరింగుపై 1932లో ఆయన వెలువరించిన గ్రంథం విశేష ఖ్యాతి గడించింది. అయినా ఆయన పాఠం పుస్తకంతో ముగిసేది కాదు. విద్యార్థులను సమీపంలోని కర్మాగారాలకు తీసుకువెళ్ళి, ప్రత్యక్షంగా పని చూపించేవారు. ప్రియశిష్యుడు డేవిడ్ ప్యాకర్డ్ తూర్పున ఉద్యోగంలో స్థిరపడగా, పరిశోధక వేతనం ఏర్పాటు చేసి 1938లో వెనుకకు రప్పించారు. ప్యాకర్డ్, సహాధ్యాయి విలియం హ్యూలెట్ కలిసి 538 డాలర్ల పెట్టుబడితో 1939లో ఒక కారు షెడ్డులో సంస్థను ప్రారంభించారు. హ్యూలెట్ విద్యార్థిగా రూపొందించిన పరికరమే వారి తొలి సరుకు. ఆ షెడ్డు నుండి పెరిగినదే విశ్వవిఖ్యాతమైన హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థ.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హార్వర్డ్‌లోని రేడియో పరిశోధనశాలకు నాయకత్వం వహించిన టెర్మన్, 1946లో ఇంజనీరింగ్ విభాగాధిపతిగా స్టాన్‌ఫర్డ్‌కు తిరిగివచ్చారు. రక్షణశాఖ పరిశోధన నిధులతో ప్రయోగశాలలను బలపరచి, సమర్థులైన ఆచార్యులను చేర్చుకున్నారు. విశ్వవిద్యాలయానికి విస్తారమైన భూమి ఉన్నా, దానిని విక్రయించరాదని వ్యవస్థాపకుల నిబంధన. ఆ అడ్డంకినే అవకాశంగా మలచి, 1951లో భూమిని దీర్ఘకాలిక కౌలుకిచ్చే పారిశ్రామికవాటికకు నాంది పలికారు. 1954లో మొదలైన మరో పథకం పరిశ్రమలలోని ఇంజనీర్లకు ఉద్యోగం మానకుండానే ఉన్నతవిద్య అభ్యసించే వీలు కల్పించింది. ఆ విధంగా ప్రయోగశాలకు పరిశ్రమ అనుభవమూ, పరిశ్రమకు నవీన జ్ఞానమూ అందాయి.

ట్రాన్సిస్టర్ ఆవిష్కర్తలలో ఒకరైన షాక్లీ 1956లో ఆ లోయలో ప్రయోగశాల నెలకొల్పారు. మరుసటి ఏడాది దాని నుండి బయటికి వచ్చిన ఎనిమిదిమంది ఫెయిర్‌చైల్డ్ సంస్థను స్థాపించారు. పండ్లతోటల లోయ క్రమంగా డిజిటల్ పరిశ్రమలకు పుట్టినిల్లయి, 1971 నుండి సిలికాన్ వ్యాలీగా ప్రసిద్ధి పొందింది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి కంప్యూటర్ శాస్త్రంలో 1966లో డాక్టరేటు పొందినది స్టాన్‌ఫర్డ్‌లోనే.

1965లో పదవీవిరమణ చేశాక కూడా టెర్మన్ విశ్రమించలేదు. దక్షిణ కొరియాలో ఉన్నత విజ్ఞానసంస్థ స్థాపనకు 1970లో ఆయన బృందం మార్గం సూచించగా, మరుసటి ఏడాది అది రూపుదాల్చింది. 1982 డిసెంబరు 19న ఆయన పరమపదించారు.

టెర్మన్ స్వయంగా పెద్ద పరిశ్రమను నెలకొల్పలేదు. పరిశ్రమలు నెలకొల్పగల విద్యార్థులను తీర్చిదిద్దారు. వారు ఉన్నచోటనే ఎదిగేందుకు నేలను సిద్ధం చేశారు. విద్యాలయం తన ప్రాంతానికి చేయగల మహోపకారం ఇదేనని ఆయన జీవితం చాటుతున్నది.