కాళ్లను కుంగదీసే పప్పు గుట్టు విప్పిన శేషాద్రి

పెద్దమందడి: నాడీకణాలు క్రమంగా క్షీణించే వ్యాధులు అనేకం. అల్జీమర్స్, పార్కిన్సన్స్ వంటి వాటిలో చాలా సందర్భాల్లో ఫలానాదే కారణమని తేల్చడం వైద్యశాస్త్రానికి నేటికీ సాధ్యం కాలేదు. కారణం స్పష్టంగా దొరికిన అరుదైన వ్యాధి లాథిరిజం. కేసరి పప్పే ప్రధానాహారమైనప్పుడు సోకే ఈ వ్యాధి మూలాన్ని వెలికితీసిన వారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయ పూర్వ ఆచార్యులు టి.ఆర్. శేషాద్రి ఒకరు.

వాల్తేరులో పదహారేళ్లు

శేషాద్రి 1900 ఫిబ్రవరి 3న తమిళనాడులోని కుళిత్తలైలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ వద్ద డాక్టరేట్ పొందారు. 1933లో వాల్తేరు చేరి రసాయనశాస్త్ర శాఖను తీర్చిదిద్దారు. మొక్కల్లోని రంగు పదార్థాలపై విశేష కృషి చేశారు. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు.

కరవు తెచ్చిన కష్టం

వానలు లేక ఇతర పైర్లు ఎండినా కేసరి పంట నిలుస్తుంది. మధ్యప్రదేశ్‌లోని రీవా ప్రాంతంలో వెట్టి కూలీలకు ఆ గింజలనే కూలిగా కొలిచేవారు. నెలల తరబడి అదే తిన్నవారికి కాళ్లు బిగుసుకుపోయేవి. మునివేళ్లపై, కర్రల ఊతంతో నడిచేవారు. వ్యాధి ముదిరితే పాకడమే గతి.

గింజలో విషం

1964లో శేషాద్రి తన సహచరులతో కలిసి ఆ గింజలోని విష పదార్థాన్ని గుర్తించారు. అదే ఏడాది బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులూ వేరుగా దానినే కనుగొన్నారు. ఓడాప్ అనే ఈ అమైనో ఆమ్లం కాళ్లను నడిపించే నాడీకణాలను మితిమీరి ఉత్తేజపరచి నశింపజేస్తుంది. నశించిన కణాలు తిరిగి రావు. కనుక నివారణే మార్గం. గింజలను వేడినీటిలో నానబెట్టి ఆ నీటిని పారబోస్తే విషం చాలావరకు తగ్గుతుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నిరూపించారు.

కల్తీతో జాగ్రత్త

కేసరి పప్పు అమ్మకాన్ని 1961లో నిషేధించినా కందిపప్పులో, శనగపిండిలో కలిపిన ఉదంతాలున్నాయి. దాని పలుకు ఒకవైపు ఏటవాలుగా, అంచులు తేలి ఉంటుంది. కొద్దిపాటి కల్తీతో కాళ్లు పడిపోకపోయినా, పప్పు కొనేటప్పుడు గమనించడం మేలు.

శేషాద్రి 1960లో రాయల్ సొసైటీ సభ్యత్వాన్ని, 1963లో పద్మభూషణ్ పురస్కారాన్ని అందుకున్నారు. 1975 సెప్టెంబర్ 27న కన్నుమూశారు. కరవును, వలసలను ఎరిగిన పాలమూరు పల్లెలకు ఆయన పరిశోధన చెప్పేదొక్కటే. పేదవాని పళ్లెంలో వేరే తిండి చేరితే ఈ వ్యాధి ఉండదు.